మళ్లీ లెక్కపెడితే ఆ ఖర్చు ఎవరిది?

2019 అసెంబ్లీ ఎన్నికల్లో రాజోలు ఫలితం 814 ఓట్ల తేడాతో తేలింది. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద జనసేన గెలిచిన ఒకే ఒక్క సీటు అది. అదే ఎన్నికల్లో విజయవాడ సెంట్రల్‌లో తేడా 25 ఓట్లు. 2024లో మడకశిరలో 351. ఇంకా వెనక్కి వెళితే, 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటును కొణతాల రామకృష్ణ గెలుచుకున్నది 9 ఓట్లతో. ఇవి పెద్ద ఎన్నికలు కాబట్టి పేపర్లకెక్కాయి, జనానికి గుర్తుండిపోయాయి. పంచాయతీ ఎన్నికల్లో రెండు మూడు ఓట్లతో సర్పంచ్ పదవి ఒకరికి దక్కి ఇంకొకరికి తప్పిపోవడం కోనసీమ లంకల్లోనైనా, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలోనైనా కొత్తేమీ కాదు. ఇద్దరికీ సమానంగా వస్తే చీటీ తీసి తేలుస్తారు.

ఇంత తక్కువ తేడా వచ్చిన చోట ఓడిన పక్షం మొదట అడిగేది రీకౌంటింగ్. అడగడంలో తప్పేమీ లేదు. కానీ మళ్లీ లెక్కపెట్టాలంటే సిబ్బంది ఉండాలి, టైమ్ పడుతుంది, బందోబస్తు పొడిగించాలి, యంత్రాల తనిఖీ అయితే కంపెనీ ఇంజినీర్లు రావాలి. ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడాలి? అడిగినవాళ్ల మీదా, గెలిచినవాళ్ల మీదా, అందరి పన్నుల మీదా? ఓట్లు లెక్కపెట్టడం ప్రభుత్వం పని. తేడా మరీ తక్కువగా ఉన్నప్పుడు రెండోసారి లెక్కపెట్టడం కూడా అదే పనిలో భాగం, కాబట్టి దాని ఖర్చు ప్రజాధనం నుంచే రావాలి. తేడా ఎక్కువగా ఉన్నా పట్టుబట్టి అడిగేవారి దగ్గర డిపాజిట్ తీసుకోవచ్చు. తప్పు బయటపడితే ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలి. మన దగ్గర ఇప్పుడున్న పద్ధతి పైకి చూస్తే దీనికి దగ్గరగానే అనిపిస్తుంది. లోపలికి వెళితే సంగతి వేరు.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 63వది రీకౌంటింగ్‌కు సంబంధించినది. లెక్కింపు పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ఎవరికెన్ని ఓట్లొచ్చాయో ఫారం 20లో వేసి పైకి చదువుతారు. అప్పుడు అభ్యర్థి గానీ, అభ్యర్థి అక్కడ లేకపోతే ఆయన ఎన్నికల ఏజెంటు లేదా కౌంటింగ్ ఏజెంటు గానీ, కారణాలు రాసి దరఖాస్తు ఇవ్వాలి. ఆర్వో దాన్ని పూర్తిగా ఒప్పుకోవచ్చు, కొంతవరకే ఒప్పుకోవచ్చు, అర్థంపర్థం లేని కోరిక అనుకుంటే తోసిపుచ్చవచ్చు. ఏం చేసినా కారణాలు కాగితం మీద పెట్టాలి. దీనికి ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. కాకపోతే ఫారం 20 నింపి ఆర్వో సంతకం పెట్టేశాక ఆ దారి మూసుకుపోతుంది. అంకెలు చదివాక ఒకటి రెండు నిమిషాలు ఆగమని, ఎవరైనా దరఖాస్తు రాసుకుంటామంటే తగినంత వ్యవధి ఇవ్వమని ఆర్వోల కరదీపిక చెబుతుంది.

అంటే రీకౌంటింగ్ ఉచితం, కానీ కొన్ని నిమిషాల సేపే ఉచితం. ఆ నిమిషాల్లో ఏం రాయాలో తెలిసిన ఏజెంటు పక్కన ఉన్న అభ్యర్థికి అది నిజంగానే ఉచితం. పార్టీ లీగల్ సెల్ నుంచి వచ్చిన మనిషి దరఖాస్తు నమూనాను ముందే టైప్ చేయించి, రౌండ్ల వారీ అంకెలు చేత్తో పట్టుకుని కూర్చుంటాడు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ అభ్యర్థి ఏజెంటుగా వచ్చేది బావమరిదో, పక్కింటి కుర్రాడో. హాల్లో చప్పట్లు, ఈలలు, బయట టపాసులు మొదలయ్యేసరికి అతనికి కాళ్లూ చేతులూ ఆడవు. ఓడిపోయామన్న దిగులు నుంచి తేరుకుని కాగితం అడిగేలోపు సంతకాలైపోతాయి.

సంతకం అయ్యాక మిగిలేది కోర్టు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలైతే 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఖర్చుల హామీ కింద కట్టాల్సింది 2,000 రూపాయలే. ఆ అంకె చూసి చవక అనుకోకూడదు. అసలు ఖర్చు లాయర్ ఫీజులది, వాయిదా వాయిదాకూ కోనసీమ నుంచి హైకోర్టున్న నేలపాడు దాకా తిరగడానిది. పైగా కోర్టులు ఓట్లను మళ్లీ లెక్కపెట్టమని అంత తేలిగ్గా చెప్పవు. తక్కువ తేడాతో ఓడాం కాబట్టి పెట్టెలు తెరవండి అంటే కుదరదని, ఓటు రహస్యం కాపాడాల్సిన బాధ్యత ఉందని, ఫలానా టేబుల్ దగ్గర ఫలానా తప్పు జరిగిందని ముందు చూపించాలని 1964 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఆ సూత్రంలో న్యాయం ఉంది. కానీ తప్పు ఎక్కడ జరిగిందో చూపించాలంటే పెట్టె తెరవాలి, పెట్టె తెరవాలంటే తప్పు చూపించాలి. మామూలు మనిషి ఇక్కడే ఆగిపోతాడు.

చట్టం అయితే విచారణ ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలంటుంది. తెలంగాణలో ధర్మపురి సంగతి చూస్తే అది ఎంతవరకు జరుగుతుందో అర్థమవుతుంది. 2018లో అక్కడ 441 ఓట్ల తేడా వచ్చింది. పిటిషన్ నడుస్తుండగా 2023లో రికార్డుల కోసం స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులు కనబడలేదు. చివరికి తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటికి తర్వాతి ఎన్నికలు ముంగిట్లోకి వచ్చేశాయి.

గోదావరి డెల్టాలో ఈ సమస్య అసలు రూపం కనబడేది పంచాయతీ ఎన్నికల్లోనే. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగిన ఎన్నికల్లో పోలింగ్ ఉదయం ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. నాలుగింటికి అదే ఊళ్లో లెక్కింపు మొదలైంది. లంక గ్రామాలకు సిబ్బంది పెట్టెలతో సహా పడవలెక్కి రేవు దాటి వెళ్లాల్సి ఉంటుంది. బడిలో బల్లలు దగ్గరకు జరిపి, ట్యూబులైట్ల వెలుగులో పెట్టెలు బోర్లిస్తారు. తెల్ల కాగితాలు వార్డు సభ్యులవి, గులాబీవి సర్పంచ్‌వి. వాటిని వేరుచేసి, ఇరవై అయిదేసి చొప్పున కట్టలు కట్టి, మొదట వార్డుల ఓట్లు, ఆ తర్వాత సర్పంచ్ ఓట్లు లెక్కిస్తారు.

తగాదా అంతా చెల్లని ఓట్ల దగ్గర. ఓటరు స్వస్తిక్ ముద్ర వేసి, సిరా ఆరకముందే కాగితం మడిచి పెట్టెలో పడేస్తాడు. మడత అవతలి వైపున్న ఇంకో గుర్తు మీద కూడా ముద్ర అంటుకుంటుంది. విప్పి చూస్తే రెండు ముద్రలు. ఇద్దరికీ వేశాడు, చెల్లదు అంటాడు ఒక ఏజెంటు. కాదు, ఒకటే వేశాడు, రెండోది అంటుకున్నది అంటాడు ఇంకొకడు. స్వస్తిక్ గుర్తును వాడటంలోని ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. దానికి తిరుగుడు ఉంది. అసలు ముద్ర ఒక వైపు తిరిగి ఉంటే, అంటుకున్నది అద్దంలో బొమ్మలా ఎదురు వైపు తిరిగి ఉంటుంది. పట్టి పట్టి చూస్తే ఏది అసలో తేలుతుంది, ఆ ఓటు చెల్లుతుంది. కానీ పొద్దున నాలుగింటికి లేచి, రోజంతా పోలింగ్ చేయించి, రాత్రి పదింటికి వందల కాగితాలు విప్పుతున్న ఉద్యోగి ప్రతి కాగితాన్నీ అలా పట్టి చూడగలడా? రెండు ముద్రలున్న కాగితం చెల్లని కట్టలోకి వెళ్లిపోవడం కుట్ర కానక్కర్లేదు, అలసట చాలు. గీత మీద పడిన ముద్ర, సగం పడిన ముద్ర, ఇరవై అయిదుకు బదులు ఇరవై ఆరు కాగితాలున్న కట్ట, అన్నీ ఇలాంటివే. మూడు వేల ఓట్లలో నాలుగైదు అటూ ఇటూ కావడానికి ఎవరూ మోసం చేయాల్సిన పని లేదు. గెలుపోటముల తేడా ఆ నాలుగైదు కన్నా తక్కువగా ఉందంటే మొదటి లెక్క ఇంకా పూర్తికాలేదనే అర్థం.

అలాంటప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఆ రాత్రి ఆ గదిలో ఉన్న ఎన్నికల అధికారి చేతిలో. మామూలు రోజుల్లో ఆయన ఏ మండల ఆఫీసులోనో పనిచేసే ఉద్యోగి, లేదా ఉపాధ్యాయుడు. కిటికీల బయట రెండు వర్గాల జనం. ఒప్పుకుంటే గెలిచినవాళ్లు, డబ్బు తిని మళ్లీ లెక్కపెడుతున్నాడంటారు. ఒప్పుకోకపోతే ఓడినవాళ్లు, అమ్ముడుపోయాడంటారు. ఆ టెన్షన్‌లో ఆయన తీసుకునే నిర్ణయం ఎంత నిజాయితీగా ఉన్నా ఒక పక్షం నమ్మదు. ఫలానా సంఖ్య కన్నా తేడా తక్కువైతే ఎవరూ అడగకుండానే మళ్లీ లెక్కపెట్టాలి అని నిబంధన ఉంటే ఆ భారం ఆయన మీద నుంచి దిగిపోతుంది. తేడా ఇంత వచ్చింది, రూలు ఇది, కూర్చోండి, మళ్లీ లెక్కపెడుతున్నాం అని చెబితే చాలు. ప్రభుత్వ ఖర్చుతో జరిగే రీకౌంటింగ్‌లో అభ్యర్థికి మిగిలే డబ్బు కన్నా పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. మూడు వేల ఓట్లు పోలైన పంచాయతీ అనుకుంటే, సర్పంచ్ ఓట్లు 120 కట్టలు. సిబ్బంది అక్కడే ఉన్నారు, పోలీసులు అక్కడే ఉన్నారు, ఏజెంట్లు అక్కడే ఉన్నారు. ఇంకో రెండు గంటలు కూర్చుంటే పని అయిపోతుంది. అదనంగా అయ్యేది రాత్రి భోజనాలు, తిరుగు ప్రయాణానికి పడవో బస్సో ఇంకాసేపు ఆపడం. అదే పని కోర్టు ద్వారా జరగాలంటే? సర్పంచ్ ఎన్నిక మీద తగువు వస్తే జూనియర్ సివిల్ జడ్జి కోర్టే ట్రిబ్యునల్. ఇద్దరు అభ్యర్థులకూ లాయర్లు, సాక్షులు, పెట్టెలు భద్రపరచడం, వాటిని కోర్టుకు తేవడం, ఆ తర్వాత అప్పీళ్లు. అయిదేళ్ల పదవిలో ఎన్నేళ్లు మిగులుతాయో ఎవరూ చెప్పలేరు. ఆ రాత్రి రెండు గంటలు మిగుల్చుకుంటే దాని బదులు అందరూ కలిసి ఏళ్ల తరబడి ఖర్చు పెడతారు.

హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లఖూ గ్రామంలో ఇదే జరిగింది. 2022 నవంబరులో సర్పంచ్ ఎన్నిక. ఒక బూత్ దగ్గర ప్రిసైడింగ్ అధికారి పొరపాటు వల్ల ఇద్దరు అభ్యర్థుల ఓట్లు తారుమారు అయ్యాయన్నది వివాదం. అది కింది కోర్టుల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2025లో సుప్రీంకోర్టు యంత్రాలను ఢిల్లీకి తెప్పించి, తన ఆవరణలోనే, రిజిస్ట్రార్ సమక్షంలో, వీడియో తీయిస్తూ లెక్కపెట్టించింది. 3,767 ఓట్లు. ఓడిపోయాడన్న మనిషికి 1,051, గెలిచి పదవిలో కూర్చున్న మనిషికి 1,000 వచ్చాయి. నిజంగా గెలిచిన వ్యక్తి ప్రమాణం చేసేసరికి మూడేళ్లు కావొస్తోంది. తప్పు చేసింది ప్రభుత్వ సిబ్బంది. దాన్ని దిద్దించుకోవడానికి పరుగులు పెట్టింది అభ్యర్థి. కోర్టుల చుట్టూ తిరగలేని మనిషి అయి ఉంటే ఆ తప్పే శాశ్వతంగా నిలిచిపోయేది.

ఇక యంత్రాల సంగతి. ఈవీఎంలో రీకౌంటింగ్ అంటే పాత అర్థం లేదు. ఫలితం బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే అంకె చూపిస్తుంది. మళ్లీ లెక్కపెట్టగలిగింది వీవీప్యాట్ స్లిప్పులనే, అంటే ఓటు ఎవరికి పడిందో యంత్రం పక్కనుండే పెట్టె అచ్చువేసే చీటీలనే. ఒక పోలింగ్ కేంద్రం స్లిప్పులు లెక్కించమని అభ్యర్థి రాతపూర్వకంగా అడగవచ్చని అవే 1961 నిబంధనల్లోని 56డి చెబుతుంది. ఆర్వో ఒప్పుకుని లెక్కిస్తే, యంత్రం అంకెకూ స్లిప్పుల అంకెకూ తేడా వచ్చిన చోట స్లిప్పులదే చెల్లుతుంది. అది కూడా ఉచితమే. ఎవరూ అడగకుండానే లెక్కించేవి కొన్ని ఉన్నాయి. వాటి వెనుక తెలుగు రాజకీయాల పాత్ర ఉంది. చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్షాల నేతలు సగం యంత్రాల స్లిప్పులు లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. అలా చేస్తే ఫలితాలు అయిదు రోజులకు పైగా ఆలస్యమవుతాయని ఎన్నికల సంఘం చెప్పింది. 2019 ఏప్రిల్ 8న కోర్టు మధ్యేమార్గంగా, అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక పోలింగ్ కేంద్రం స్లిప్పులే లెక్కించే పద్ధతిని అయిదు కేంద్రాలకు పెంచింది. ఆ లెక్కింపు ఖర్చు ఏ అభ్యర్థినీ అడగరు. లెక్క సరిచూసుకోవడం ప్రభుత్వ బాధ్యతేనని అక్కడ అందరూ ఒప్పుకున్నట్టే.

2024 ఏప్రిల్ 26న వచ్చిన తీర్పుతో మాత్రం డబ్బు ప్రశ్న నేరుగా ముందుకొచ్చింది. స్లిప్పులన్నీ లెక్కించాలన్న కోరికను జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ధర్మాసనం తిరస్కరించింది. అయితే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులకు ఒక అవకాశం ఇచ్చింది. ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోపు అడిగితే, సెగ్మెంటుకు అయిదు శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను, అంటే లోపలి చిప్‌లను, తయారీ సంస్థల ఇంజినీర్లు తనిఖీ చేస్తారు. ఖర్చు అడిగినవాళ్లే కట్టాలి, ట్యాంపరింగ్ జరిగిందని తేలితే వాపసు ఇస్తారు. ఎన్నికల సంఘం 2024లో ఒక్కో యంత్రం సెట్టుకు పెట్టిన ధర 40,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 47,200. ఆ ఏడాది ఒంగోలులో ఓడిన అభ్యర్థి 12 పోలింగ్ కేంద్రాల యంత్రాలకు ఇలా డబ్బు కట్టారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఆ ధర మరీ ఎక్కువ, తగ్గించండి అన్నది.

2024 నాటి ఈ ధరను అమలాపురం లోక్‌సభ స్థానానికి వర్తింపజేసి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఒక సెగ్మెంటులో 220 పోలింగ్ కేంద్రాలున్నాయనుకుంటే అయిదు శాతం అంటే 11 యంత్రాలు. పదకొండింటికి 5,19,200 రూపాయలు. ఏడు సెగ్మెంట్లకూ అడిగితే 36 లక్షలు దాటుతుంది. ఇప్పుడు ఇంకో విషయం. అమలాపురం ఎస్సీలకు కేటాయించిన ఎంపీ స్థానం. దాని కింద అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలూ ఎస్సీలకే. నామినేషన్ వేసేటప్పుడు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు డిపాజిట్ సగమే. లోక్‌సభకు 25,000 బదులు 12,500, అసెంబ్లీకి 10,000 బదులు 5,000. డబ్బు లేదన్న కారణంతో ఎవరూ పోటీకి దూరం కాకూడదని చట్టం అలా రాసుకుంది. మరి ఫలితం మీద అనుమానం వస్తే? ఆ 47,200లో వాళ్లకు సగం తగ్గింపూ లేకపోయింది, పావు తగ్గింపూ లేకపోయింది. నామినేషన్ గుమ్మం దగ్గర పేదవాడి చేయి పట్టుకున్న చట్టం లెక్కింపు గుమ్మం దగ్గర వదిలేసింది. ఇది ఎవరో కావాలని చేశారని అనలేం. రుసుము నిర్ణయించినప్పుడు యంత్రం తనిఖీకి ఎంతవుతుందన్నదే చూశారు, అడిగే మనిషి ఎవరన్నది చూడలేదు.

దీనికి తరచూ వినబడే జవాబు ఒకటుంది. కోట్లు ఖర్చు పెట్టి ఎన్నికల్లో నిలబడేవాళ్లకు 47 వేలు ఒక లెక్కా? గోదావరి జిల్లాల్లో ఎన్నికల ఖర్చు ఎలా ఉంటుందో చూసినవాళ్లెవరికైనా ఆ మాట సబబుగానే తోస్తుంది. కానీ ఆ వాదన ఒప్పుకుంటే ఏమవుతుంది? కోట్లు ఖర్చు పెట్టగలవాళ్లకే అనుమానం తీర్చుకునే హక్కు ఉంటుంది. ఖర్చు పెట్టకుండా, ఓటుకు నోటు పంచకుండా నిలబడినవాళ్లు ఉన్న అంకెతో సరిపెట్టుకోవాలి. డబ్బు ప్రభావం తగ్గాలని అందరం అనుకునే చోట ఇది దాన్ని ఇంకో మెట్టు పెంచుతుంది.

ఇంకో వాదన ఇంటర్ పరీక్షల వైపు వేలు చూపిస్తుంది. మార్కుల రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు పిల్లలే పేపరుకింత చొప్పున ఫీజు కడుతున్నారు కదా, అభ్యర్థులు కడితే తప్పేమిటని. ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. పేపరు దిద్దడంలో పొరపాటు జరిగితే నష్టం ఆ ఒక్క విద్యార్థిది, మార్కులు పెరిగితే లాభమూ ఆ విద్యార్థిదే. ఓట్ల లెక్కలో పొరపాటు జరిగితే నష్టం అభ్యర్థిది మాత్రమే కాదు. క్యూలో నిలబడి ఓటేసిన వాళ్లందరిదీ. చెల్లాల్సిన ఓటు చెల్లని కట్టలోకి వెళ్లిన ఓటరుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, రీకౌంటింగ్ అడిగే హక్కూ లేదు. ఆ ఓటరు తరఫున అడగగలిగింది అభ్యర్థి ఒక్కరే. అడిగినందుకు అభ్యర్థి దగ్గర రుసుము వసూలు చేయడమంటే ఓటరు తరఫున మాట్లాడినందుకు వసూలు చేసినట్టే.

అలాగని అంతా ఉచితం అంటే ఒక చిక్కు ఉంది. గోదావరి జిల్లాల్లో ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాక మెజారిటీ ఎంతన్న దాని మీద కూడా పందేలు కాస్తారు. వెయ్యి దాటుతుందా లేదా అన్న పందెం కోసం రీకౌంటింగ్ అడిగించేవాళ్లు ఉండరని హామీ ఏమీ లేదు. ఓటమి పరువు తక్కువ అనుకుని, ఫలితాన్ని ఓ రాత్రి వాయిదా వేయించాలనుకునేవాళ్లూ ఉంటారు. గెలుపు తారుమారయ్యే అవకాశం లేని చోట ప్రజాధనం ఖర్చు పెట్టాల్సిన పని లేదు. డిపాజిట్‌కు చోటు అక్కడే. నామినేషన్ డిపాజిట్ కూడా ఇదే ఆలోచనతో పుట్టింది. పోలైన చెల్లే ఓట్లలో ఆరోవంతు రాకపోతే గల్లంతవుతుంది, వస్తే తిరిగి చేతికొస్తుంది.

అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి ఉన్నందువల్ల ఇలాంటి ఏర్పాట్లు ఎలా నడుస్తాయో పోల్చి చూడొచ్చు. మిన్నెసోటాలో 2008 సెనేట్ ఎన్నికలో తేడా బాగా తక్కువ కావడంతో ప్రభుత్వ ఖర్చుతోనే మళ్లీ లెక్కపెట్టారు. మొదటి లెక్కలో నార్మ్ కోల్‌మన్ 215 ఓట్ల ముందంజలో ఉన్నారు. రీకౌంటింగ్, ఆపైన కోర్టు విచారణ అన్నీ అయ్యాక ఆల్ ఫ్రాంకెన్ 312 ఓట్లతో గెలిచారు. సుమారు 29 లక్షల ఓట్లలో ఇది జరిగింది. విస్కాన్సిన్‌లో తేడా పావు శాతం లోపైతే రుసుము లేదు, అంతకు మించితే అడిగినవాళ్లే కట్టాలి. 2020లో అధ్యక్ష ఎన్నికలో డొనాల్డ్ ట్రంప్ ప్రచార బృందం రెండు కౌంటీల్లో మళ్లీ లెక్కించడానికి 30 లక్షల డాలర్లు కట్టింది. లెక్క అయ్యేసరికి ప్రత్యర్థి ఆధిక్యం 87 ఓట్లు పెరిగింది. ఆ డబ్బు ప్రజలు పెట్టుకోనవసరం రాలేదు. అన్నింటికన్నా గమనించదగ్గది వాషింగ్టన్ రాష్ట్రంలో 2004 గవర్నర్ ఎన్నిక. మొదటి లెక్కలో డీనో రాసీకి 261 ఓట్ల ఆధిక్యం, యంత్రాలతో మళ్లీ లెక్కిస్తే 42. మూడోసారి చేత్తో లెక్కించమని డెమోక్రటిక్ పార్టీ ఏడు లక్షల డాలర్లకు పైగా డిపాజిట్ కట్టింది. ఈసారి క్రిస్టీన్ గ్రెగ్వార్ 129 ఓట్లతో గెలిచారు, డిపాజిట్ వాపసు వచ్చింది. నిబంధన బాగానే ఉంది, కానీ దాని వెనుక ఏడు లక్షల డాలర్లు పోగుచేయగల పార్టీ ఉంది. అదే ఓట్లు ఇండిపెండెంట్‌కు వచ్చి ఉంటే రాష్ట్రానికి వేరే గవర్నర్ ఉండేవారు. అందుకే వాపసు ఇస్తామన్న హామీ ఒక్కటే చాలదు. మొదట కట్టాల్సిన మొత్తం ఎంతన్నది కూడా ముఖ్యమే.

మన దగ్గర ఆటోమేటిక్ పద్ధతికి బీజం ఇప్పటికే ఉంది. పోస్టల్ బ్యాలెట్ల విషయంలో, చెల్లవని తీసేసిన వాటి సంఖ్య కన్నా గెలుపు తేడా తక్కువగా ఉంటే, వాటన్నింటినీ ఫలితం ప్రకటించేలోపు మళ్లీ పరిశీలించి తీరాలని ఎన్నికల సంఘం ఆదేశం. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ కట్టక్కర్లేదు. ఇదే కొలతను పంచాయతీ లెక్కింపుకు తెస్తే సరిపోతుంది. సర్పంచ్ ఎన్నికలో చెల్లని ఓట్లు 38, తేడా 6 అయితే, ఆ 38తో పాటు కట్టలన్నీ ఆ రాత్రే ఇంకోసారి విప్పి లెక్కపెట్టాలి. శాతాలు, దశాంశాల గొడవ లేదు. ఊళ్లో ఎవరికైనా ఒక్క మాటలో అర్థమయ్యే కొలత ఇది.

అసెంబ్లీ, లోక్‌సభలకు శాతం పెట్టుకోవాలి. తేడా పావు శాతం లోపైతే అయిదుతో ఆగకుండా, ఇరుపక్షాలూ కోరిన పోలింగ్ కేంద్రాల స్లిప్పులు కొన్నింటిని, ఉదాహరణకు చెరో ఇరవై, ప్రభుత్వ ఖర్చుతో లెక్కించవచ్చు. ఒక యంత్రం స్లిప్పులకు గంట పట్టినా, టేబుళ్లు పంచుకుంటే ఒక్క రోజులో పూర్తవుతుంది. విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్ల తేడా ఈ గీతకు చాలా లోపల ఉంటుంది. రాజోలులో 814 అర శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ అడిగేవాళ్లు డిపాజిట్ కట్టాలి. ఆ డిపాజిట్ నామినేషన్ డిపాజిట్‌ను మించకూడదు, ఎస్సీ, ఎస్టీలకు సగమే ఉండాలి. ఇక వాపసు షరతు. ట్యాంపరింగ్ రుజువైతేనే ఇస్తామనడం మరీ బిగింపు. 2019లో మైదుకూరులో ఒక పోలింగ్ కేంద్రం దగ్గర యంత్రం అంకెకూ స్లిప్పులకూ తేడా వచ్చింది. కారణం మాక్ పోల్ ఓట్లు, అంటే పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసినవి, చెరపడం మరిచిపోవడం. అది ట్యాంపరింగ్ కాదు. కానీ తప్పు తప్పే, అది సిబ్బంది తప్పు. లెక్కలో ఏ తేడా బయటపడినా, ఫలితం మారినా మారకపోయినా, అడిగినవాళ్ల డబ్బు తిరిగి ఇవ్వడమే న్యాయం.

గెలిచిన అభ్యర్థి మీద ఖర్చు వేయాలన్న మాట కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు. గెలిచినవాళ్లు లెక్కపెట్టలేదు, లెక్కపెట్టింది ప్రభుత్వం.

ఈ మార్పులకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. లోక్‌సభ ఎన్నికల ఖర్చు కేంద్రానిది, అసెంబ్లీది రాష్ట్రానిది, రెండూ ఒకేసారి జరిగితే చెరి సగం. ఇప్పటికే అలా నడుస్తున్న పద్దుల్లోనే ఇదీ ఇమిడిపోతుంది. 1961 నిబంధనలను కేంద్రం ఎన్నికల సంఘంతో సంప్రదించి సవరించాలి, దానికి టైమ్ పట్టవచ్చు. పంచాయతీలది మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలోని పని. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 2006లో చేసిన ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో రీకౌంటింగ్ భాగానికి ఒక వాక్యం చేర్చి ప్రభుత్వం జీవో ఇవ్వాలి. చెల్లని ఓట్ల కట్టను ఏజెంట్ల ఎదుట ఒక్కొక్క కాగితంగా చూపించాలని, దరఖాస్తు నమూనా ప్రతి లెక్కింపు గదిలోనూ తెలుగులో అందుబాటులో పెట్టాలని రాష్ట్ర ఎన్నికల సంఘం సర్క్యులర్ పంపాలి. నోటిఫికేషన్ వెలువడ్డాక మార్చితే ఎవరికోసమో మార్చారన్న మాట వస్తుంది. అందుకని రెండూ నోటిఫికేషన్‌కు ముందే కావాలి.